మోకాళ్లు ఒకటే... ఎవరి ఎదుట?

పాపి మోకరించడం గొప్ప సంగతే. అయితే అతడు ఎవరి ఎదుట మోకరించాడన్నది అంతకంటే గొప్ప సంగతి. ఒకడు మోకాళ్ల మీద నుంచి లేచి ఉరి తాడు దగ్గరికి వెళ్లాడు. మరొకడు మోకాళ్ల మీద నుంచి లేచి విందు బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ తాము పాపం చేశామని నోటితో ఒప్పుకున్నారు. మరి తేడా ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు జవాబును 17వ శతాబ్దంలో ఒక డచ్ చిత్రకారుడు తన బొమ్మల్లో చూపించాడు. ఆయన పేరు రెంబ్రాంట్. 1606లో లైడెన్‌లో పుట్టి 1669లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశాడు. చరిత్రకారులు బరోక్ యుగం అని పిలిచే ఆ కాలంలో వెలుగునీడలతో మనిషి లోపలి సంగతిని బయటపెట్టడంలో ఆయన దిట్ట. ఆయన మోకరించిన ముగ్గురు మనుషులను మూడు వేర్వేరు సంవత్సరాల్లో చిత్రించాడు. వారు యూదా, తప్పిపోయిన కుమారుడు, పేతురు. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే పశ్చాత్తాపం గురించి ఒక పెద్ద పాఠమే వినిపిస్తుంది.

గోడ దిగి కాగితమెక్కిన బొమ్మ

బొమ్మలంటే ప్రొటెస్టెంటు విశ్వాసులమైన మనకు కొంత జంకు ఉంది. అది సహేతుకమే. ఆరాధనలో ప్రతిమకు చోటు లేదని మన సంస్కర్తల్లో అనేకులు బోధించారు. 1566లో నెదర్లాండ్స్‌లో జనసమూహాలు చర్చిల్లోకి చొరబడి విగ్రహాలను, చిత్రాలను ధ్వంసం చేశాయి. తరువాతి కాలంలో అక్కడి సంస్కరణ సంఘాల మందిరాల్లో మిగిలింది తెల్లని గోడలు, ప్రసంగ వేదిక, తెరిచిన బైబిలు. అయితే చర్చి గోడ మీద చోటు పోయిన బొమ్మ కాగితం మీదికి వచ్చింది. ఇళ్లలో కుటుంబాలు చేత పట్టుకుని చూసే అచ్చు చిత్రాలుగా బైబిలు కథలు ప్రాణం పోసుకున్నాయి. ఎవరూ వాటికి మొక్కలేదు. వాటిని చదువుకున్నారు.

ఆ బొమ్మను తయారుచేసే తీరు కూడా ఆలోచింపజేసేదే. నున్నని రాగి రేకుకు మైనం వంటి పూత పూస్తారు. దానిమీద సూదితో బొమ్మ గీస్తారు. గీసినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. ఆ రేకును ఆమ్లంలో ఉంచితే, బయటపడిన చోటల్లా ఆమ్లం లోహాన్ని తినివేసి సన్నని గాడి చేస్తుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడిపిన కాగితం పరిచి యంత్రంలో ఒత్తితే బొమ్మ దిగుతుంది. దీన్నే ఎచింగ్ అంటారు. గాయపడిన చోటే సిరా నిలుస్తుంది. గాయం లేని రేకు మీద ఎంత సిరా పూసినా తుడిస్తే పోతుంది. నలిగిన హృదయాన్ని దేవుడు తోసివేయడని 51వ కీర్తనలో దావీదు ఎందుకన్నాడో ఈ రాగి రేకును చూస్తే కొంత అర్థమవుతుంది.

ఆ శతాబ్దంలో పశ్చాత్తాపం యూరప్ అంతటా చిత్రకారులకు ఇష్టమైన అంశం. దానికి కారణం లేకపోలేదు. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంత వాక్యాల్లో మొట్టమొదటిది పశ్చాత్తాపం గురించే. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది ప్రభువు ఉద్దేశమని అందులో ఆయన వాదించాడు. కేథలిక్ సంఘం 1551లో ట్రెంట్ మహాసభలో తన జవాబిచ్చింది. పాపసంకీర్తనం ఒక సంస్కారమని అక్కడ నొక్కి చెప్పింది. ఆ తరువాత కేథలిక్ దేశాల్లో కన్నీరు కార్చే పరిశుద్ధుల చిత్రాలు విరివిగా వచ్చాయి.

వాటిలో కొన్ని గుర్తులు పదే పదే కనిపిస్తాయి. కోడి కనిపిస్తే పేతురు బొంకు గుర్తుకు రావాలి. పుర్రె కనిపిస్తే మన ఆయుష్షు ఎంత కొద్దిదో గుర్తుకు రావాలి. విరబోసుకున్న జుట్టు, అత్తరు బుడ్డి కనిపిస్తే ఆమె మగ్దలేనే మరియ అని పోల్చుకోవాలి. నిజానికి లూకా 7వ అధ్యాయంలో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన స్త్రీ పేరు లేఖనంలో లేదు. ఆమెను మగ్దలేనే మరియతో కలిపినది 591లో పోప్ గ్రెగరీ చేసిన ప్రసంగం. అందుకే బొమ్మ చూసేటప్పుడు కూడా బైబిలు తెరిచే ఉండాలి.

స్పెయిన్‌లో పుట్టి నేపుల్స్‌లో స్థిరపడిన రిబేరా 1621లో పేతురు పశ్చాత్తాపాన్ని ఎచింగ్‌గా చేశాడు. ముసలి జాలరి ఒంటరిగా చేతులు జోడించి ఆకాశం వైపు చూస్తుంటాడు. గుండెను పిండే బొమ్మ అది. ఇటువంటి చిత్రాల బలమంతా కన్నీటిలో ఉంది. అయితే కన్నీరు ఒక్కటే చాలునా? ఇక్కడే రెంబ్రాంట్ చిత్రించిన మొదటి మనిషి మనల్ని ఆపుతాడు.

యూదా: ముఖం తిప్పుకున్న మనుషులు

1629లో, తనకు 23 ఏళ్ల వయసులో, రెంబ్రాంట్ ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చిన యూదాను రంగుల్లో చిత్రించాడు. యూదా మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు ఒకదానిలో ఒకటి మెలిపడి బిగుసుకున్నాయి. నాణెములు నేలమీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ కాలపు గొప్ప పండితుడు, డచ్ పాలకుని కార్యదర్శి అయిన కాన్‌స్టాంటైన్ హైఖెన్స్ ఈ యూదాను చూసి ఆ యువ చిత్రకారుణ్ణి ఎంతగానో మెచ్చుకున్నాడు. రెంబ్రాంట్‌తో కలిసి పనిచేసిన వాన్ వ్లీట్ ఆ యూదా రూపాన్ని మాత్రం తీసుకుని ఎచింగ్‌గా చెక్కాడు. అలా యూదా దుఃఖం కాగితం మీద కూడా అచ్చయింది.

మత్తయి 27వ అధ్యాయం జాగ్రత్తగా చదవండి. యూదా ఏమి చేయలేదు? తన తప్పు తెలుసుకున్నాడు. నిరపరాధిని అప్పగించానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇచ్చాడు. మనలో ఎంతమందిమి ఇంతవరకు వచ్చాం? ఉజ్జీవ కూటాల్లో గంటసేపు ఏడ్చి, ఇంటికి వెళ్లాక అన్యాయంగా తీసుకున్న పది రూపాయలు తిరిగి ఇవ్వని వారమెందరం? పైకి చూస్తే యూదా మనకంటే రెండడుగులు ముందే ఉన్నాడు.

కానీ అతడు ఎవరి దగ్గరికి వెళ్లాడు? ప్రధాన యాజకుల దగ్గరికి. రెంబ్రాంట్ బొమ్మలో వారు అతని నుంచి ముఖం తిప్పుకుంటారు. దానితో మాకేమి పని అన్నట్టుంది వారి వాలకం. సువార్తలో వారిచ్చిన జవాబు సారం కూడా అదే. పాపాన్ని కొనడానికి వారి దగ్గర డబ్బుంది గాని, పాపిని చేర్చుకోవడానికి వారి దగ్గర చోటు లేదు. యూదా సరైన మాటలను తప్పుడు గుమ్మం దగ్గర చెప్పాడు. తాను అప్పగించిన ప్రభువు అదే పట్టణంలో, కొద్ది దూరంలోనే ఉన్నాడు. ఆయన వైపు ఒక్క అడుగు వేయలేదు.

మన తెలుగులో రెండు మాటలున్నాయి. పశ్చాత్తాపం అంటే తరువాత కలిగే తాపం, చేసిన దానికి లోలోపల కాలిపోవడం. మారుమనస్సు అంటే మనసే మారడం. గ్రీకులో కూడా ఈ తేడా ఉంది. యూదా విషయంలో మత్తయి వాడిన క్రియకు బాధపడటం, విచారించడం అనే అర్థం ఉంది. యోహాను, యేసు ప్రకటించిన మాట వేరు. అది మెటానోయా, మనసు మారడం. పాత నిబంధన ప్రవక్తలు వాడిన హెబ్రీ మాట షూబ్‌కు అర్థం మరింత సూటిగా ఉంటుంది. తిరగడం, తిరిగి రావడం. ప్రవక్తల భాషలో మారుమనస్సుకు కాళ్లున్నాయి. దైవచిత్తానుసారమైన దుఃఖం వేరు, లోకసంబంధమైన దుఃఖం వేరని పౌలు 2 కొరింథీయులకు 7:10లో హెచ్చరించింది ఇందుకే. మొదటిది రక్షణకు నడిపిస్తుంది, రెండోది మరణానికి.

చిన్న కుమారుడు: మెట్ల మీది తండ్రి

1636లో రెంబ్రాంట్ తప్పిపోయిన కుమారుని తిరిగి రాకను ఎచింగ్‌గా చేశాడు. ఆ కాగితం ఎత్తు 16 సెంటీమీటర్లయినా ఉండదు. అరచేతిలో పట్టేంత బొమ్మ. అందులో ఇంటి ముందున్న మెట్ల మీద కొడుకు మోకరించాడు. ఒంటి మీద సరైన బట్ట లేదు. ఎముకలు తేలిన ఒళ్లు, చిక్కులు పడిన జుట్టు, అందం అన్నది ఏ కోశానా లేని ముఖం. దూరదేశం అతణ్ణి ఏం చేసిందో చిత్రకారుడు దాచలేదు. నడిచి వచ్చిన చేతికర్ర మెట్ల మీద పడి ఉంది. ఇక దానితో అవసరం లేదు, ప్రయాణం ముగిసింది.

ఇప్పుడు తండ్రిని చూడండి. ఆయన గుమ్మంలో నిలబడి కొడుకు పైకెక్కి రావాలని ఎదురు చూడటం లేదు. తానే బయటికి వచ్చి మెట్ల మీద వాడిమీదికి వంగిపోయాడు. ఇద్దరి శరీరాలు ఎక్కడ వేరవుతున్నాయో చెప్పడం కష్టం. వెనుక తలుపులోంచి సేవకులు బట్టలు, చెప్పులు పట్టుకుని దిగుతున్నారు. పైన ఒకరు కిటికీ తలుపు తెరిచి తొంగి చూస్తున్నారు. అప్పటిదాకా మూసి ఉన్న ఇల్లు ఒక్కసారిగా తెరుచుకుంటున్నట్టుంది.

ఈ బొమ్మలోని గుర్తులన్నీ లూకా 15వ అధ్యాయం నుంచి వచ్చినవే. పుర్రె లేదు, కొరడా లేదు. చెప్పులున్నాయి. ఆ రోజుల్లో బానిసకు చెప్పులుండేవి కావు, కొడుకుకు ఉండేవి. నన్ను నీ కూలివాళ్లలో ఒకనిగా పెట్టుకో అని అడగాలని దారి పొడవునా వల్లించుకుంటూ వచ్చినవాడికి, ఆ మాట నోటి నుంచి రాకముందే చెప్పులు వచ్చేస్తున్నాయి. యేసు చెప్పిన ఉపమానంలో తండ్రి వాణ్ణి ఇంకా దూరంగా ఉండగానే చూశాడు, పరుగెత్తాడు. తూర్పు దేశాల్లో పెద్దమనిషి వీధిలో పరుగెత్తడం పరువు తక్కువ. కొడుకు పోగొట్టిన పరువుకు తోడు తండ్రి తన పరువు కూడా వదులుకున్నాడు. సిలువ అంటే అదే కదా!

రెంబ్రాంట్ ఈ కథను దూరం నుంచి చూసినవాడు కాడు. దీనికి సుమారు ఏడాది ముందు వేసిన ఒక వర్ణచిత్రంలో, మద్యం గ్లాసు ఎత్తి పట్టుకుని నవ్వుతున్న తప్పిపోయిన కుమారునికి తన ముఖమే పెట్టాడు. అతని ఒడిలో కూర్చున్న స్త్రీకి తన భార్య సాస్కియా ముఖం పెట్టాడు. ఆ చిత్రం జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. 1636 ఫిబ్రవరిలో రెంబ్రాంట్ దంపతులు తమ తొలిచూలు బిడ్డను, రెండు నెలల పసికందును, పాతిపెట్టారు. కొడుకును తిరిగి పొందిన తండ్రి బొమ్మ కూడా అదే సంవత్సరానిది.

పేతురు: చేతిలోనే ఉన్న తాళపుచెవులు

1645లో రెంబ్రాంట్ మూడో మనిషిని, పేతురును, రాగి రేకు మీద గీశాడు. అప్పటికి సాస్కియా చనిపోయి మూడేళ్లు. ముగ్గురు బిడ్డలు పసితనంలోనే పోగా, నాలుగోవాడు టైటస్ మిగిలాడు. ఈ ఎచింగ్‌లో ముసలి పేతురు మోకరించి ఉన్నాడు. ఆయన ఎదుట యాజకులు లేరు, ఆలింగనం చేసుకునే తండ్రి రూపమూ కనబడదు. ఒంటరివాడు. కానీ తాళపుచెవులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

తాళపుచెవులు పేతురును గుర్తుపట్టడానికి చిత్రకారులందరూ వాడే ఆనవాలే. అయినా ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రభువు మత్తయి 16వ అధ్యాయంలో పరలోక రాజ్యపు తాళపుచెవులు ఇస్తానన్నది ఈ పేతురుకే. తరువాత చలిమంట దగ్గర ఒక చిన్నదాని ప్రశ్నకు బెదిరి, ఆయనెవరో నాకు తెలియదన్నదీ ఈ పేతురే. న్యాయంగా అయితే ఆ తాళపుచెవులు వెనక్కి తీసేసుకోవాలి. ప్రభువు తీసుకోలేదు. లూకా 22:61లో ఆయన చేసినదల్లా వెనక్కి తిరిగి పేతురు వైపు చూడటమే. యాజకులు యూదా నుంచి ముఖం తిప్పుకున్నారు, యేసు పేతురు వైపు ముఖం తిప్పాడు. ఇద్దరు శిష్యుల మధ్య తేడా అక్కడే ఉంది. పేతురు కన్నీళ్లు యూదా కన్నీళ్లకంటే వేడివి కావు. ఆ కన్నీళ్లు ప్రభువు చూపు కింద కారాయి.

పునరుత్థానం తరువాత తిబెరియ సముద్ర తీరాన మరో నిప్పుల మంట దగ్గర ప్రభువు మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగి, మూడుసార్లు గొర్రెలను అప్పగించాడు. బొంకినది మంట దగ్గరే, బాగుపడింది మంట దగ్గరే. క్షమాపణ అంటే బతకనివ్వడం మాత్రమే కాదు, పని అప్పగించడం కూడా.

మన గుమ్మం సంగతి

ఈ మూడు బొమ్మలను కలిపి చూస్తే మోకాళ్లు ఒకటే. ఎదుట ఉన్నవారే వేరు. అందుకని పశ్చాత్తాపం గురించిన ప్రసంగం పాపికి మాత్రమే కాదు, గుమ్మంలో నిలబడి ఉన్న మనకు కూడా.

రెంబ్రాంట్ ఇంటి చరిత్రలోనే దీనికొక సాక్ష్యం ఉంది. సాస్కియా మరణం తరువాత కొన్నేళ్లకు హెండ్రికా స్టోఫెల్స్ అనే స్త్రీ ఆయనతో వివాహం లేకుండా కాపురం చేసింది. 1654లో ఆమ్‌స్టర్‌డామ్ సంస్కరణ సంఘ పెద్దలు ఆమెను పిలిపించారు. ఆమె ఒప్పుకుంది. ఆమెను ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అదే సంవత్సరం అక్టోబరులో ఆమెకు పుట్టిన కుమార్తె కోర్నేలియాకు అదే పట్టణంలోని పాత చర్చిలో బాప్తిస్మమిచ్చారు. సంఘ పెద్దలు పాపాన్ని పాపమన్నారు, అందులో తప్పులేదు. క్రమశిక్షణ లేని సంఘం వైద్యం తెలియని ఆసుపత్రి వంటిది. అయితే బల్ల దగ్గరి నుంచి దూరం పంపడం ఎంత ఖచ్చితంగా చేస్తామో, మెట్లు దిగి తిరిగి తీసుకురావడం కూడా అంత ఖచ్చితంగా చేస్తున్నామా? దూరం పెట్టిన తీర్మానాలు మన మినిట్స్ పుస్తకాల్లో ఉంటాయి. చెప్పులు తీసుకెళ్లి ఇచ్చినట్టు రాసిన పేజీలు ఎన్ని ఉంటాయి?

ఇది ఇతరులకు చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం, సంఘానికి దూరమై చెడు సావాసాల్లో పడిన ఒక కుర్రవాడు ఆరాధనకు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఆరాధన ముగిశాక నా దగ్గరికి వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. నేను అందరి ముందూ, "ఏం బాబూ, ఇన్నాళ్లూ ఏమైపోయావు?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. చుట్టూ ఉన్నవారు కూడా నవ్వారు. అతడు, "ఏం లేదండి అయ్యగారూ" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. వేదాంత కళాశాలలో లూకా 15వ అధ్యాయాన్ని గ్రీకులో చదువుకున్నవాణ్ణి, ఆ అధ్యాయం నా ఎదుటికి నడిచి వస్తే గుర్తుపట్టలేకపోయాను. ఆ తండ్రి అడగని ప్రశ్న నేను అడిగాను. ఉపమానంలో తండ్రి ఎక్కడికి వెళ్లావు, ఎంత ఖర్చు పెట్టావు అని ఒక్క మాటైనా అడిగినట్టు లేదు. లెక్కలు చెప్పింది పెద్ద కొడుకు మాత్రమే.

రాగి రేకు మీద పనిచేసేవారికి తెలిసిన సంగతి ఒకటుంది. గీత తప్పితే రేకును పారేయరు. ఆ భాగాన్ని గీకి, నున్నగా రుద్ది, మళ్లీ గీస్తారు. 1653లో చేసిన 'మూడు సిలువలు' రేకును రెంబ్రాంట్ కొన్నేళ్ల తరువాత అలాగే గీకి, చాలా భాగం కొత్తగా చెక్కాడు. రేకు అదే, బొమ్మ కొత్తది. మన దేవుడు కూడా రేకును పారేసేవాడు కాడు. గీకేటప్పుడు నొప్పి ఉంటుంది నిజమే, కానీ ఆ చేతికి ఏం గీయాలో తెలుసు.

ఈ రోజు మీరు దూరదేశంలో ఉన్నట్టయితే, ఏడ్చి అక్కడే ఆగిపోకండి. లేవండి. మిమ్మల్ని వాడుకుని ముఖం తిప్పుకునే మనుషుల దగ్గరికి కాదు, మీకోసం మెట్ల మీద కనిపెట్టుకుని ఉన్న తండ్రి దగ్గరికి రండి. సిద్ధం చేసుకున్న మాటలు పూర్తిగా చెప్పలేకపోయినా పర్వాలేదు.

ఇంట్లోనే ఉన్నవారమైతే, వచ్చే ఆదివారం చివరి వరుస వైపు ఒకసారి చూద్దాం. చాలా రోజులకు వచ్చిన ముఖం కనిపిస్తే ప్రశ్నలు వద్దు. పక్కన చోటిద్దాం, పాటల పుస్తకం తెరిచి చేతికిద్దాం, ఆరాధన అయ్యాక భోజనానికి పిలుద్దాం. కిటికీలోంచి తొంగి చూసేవారిగా మిగిలిపోకుండా, చెప్పులు పట్టుకుని మెట్లు దిగే సేవకులుగా ప్రభువు మనలను మార్చును గాక! ఆమెన్.